బ్యాటరీ తోటలో తలుపు

శ్రీకుమార్ బొంబాలో చేరి ఇరవై ఏళ్ళు దాటింది. మలేసియాలో అగ్నిమాపక దళాన్ని చిన్నా పెద్దా అందరూ బొంబా అనే పిలుస్తారు. చేరిన కొత్తలో అతను ఆ ఉద్యోగమంటే రోజూ మంటల్లోకి దూకడమే అనుకున్నాడు. తీరా చూస్తే మంటలు ఎప్పుడో గాని తగిలేవి కావు. మిగతా రోజుల్లో పని వేరేగా ఉండేది. స్నానాల గదిలో దూరిన కొండచిలువను పట్టి సంచిలో వెయ్యాలి. ఇంటి చూరుకు కందిరీగలు పెట్టిన పట్టు తియ్యాలి. వేలు వాచి ఉంగరం రాక ఏడుస్తూ వచ్చిన పెళ్ళికూతురికి, వేలు తెగకుండా ఉంగరం కోసి చేతిలో పెట్టాలి. సుంగై సిపుట్ ఊరు దాటాక ఉన్న ఆ చిన్న స్టేషన్లో అతనొక్కడే తెలుగువాడు. పొడగరి, పెద్దగా మాట్లాడడు. కింది వాళ్ళు అతన్ని "తువాన్" అంటారు, అయ్యగారూ అన్నట్టు.

ఊళ్ళో అతనికి పేరు తెచ్చింది మాత్రం ఒక మంటే. బజారులో పాత చెక్కమేడ అంటుకున్నప్పుడు పైన ఒక చీనా ముసలాయన ఉండిపోయాడు. మెట్లు కూలిపోతున్నాయని పై అధికారి వద్దంటున్నా శ్రీకుమార్ లోపలికి వెళ్ళి, ఆయన్ని బియ్యం మూటలా భుజాన వేసుకుని దిగాడు. మెడ మీద అరచేయంత మేర చర్మం కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి బజారులో కాఫీ తాగడానికి వెళితే, "లోపలికి వెళ్ళే మనిషి ఈయనే" అని పక్కవాళ్ళకు చూపించేవారు. అతను సిగ్గుపడేవాడు గాని, ఆ మాట లోలోపల అతనికి ఇష్టంగానే ఉండేది.

తల్లి మరిడమ్మకు ఆ పేరు ససేమిరా నచ్చలేదు. "మీ తాత ఓడెక్కి వచ్చింది రబ్బరు పాలు తియ్యడానికిరా, నిప్పుల్లో దూకడానికి కాదు" అనేది. ఆమె మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కూలీ. ఆమె, ఆమె మొగుడు ఇద్దరూ ఒకే తోటలో, తెల్లారకముందే రబ్బరు చెట్లకు గాటు పెట్టే పనిలో ముసలివాళ్ళయ్యారు. మొగుడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. తోట మూతపడ్డాక ఆమె కొడుకుతో పాటు ఊరి చివర కాలనీలో ఇల్లు చేరింది. కోడలు విజయరాణి తమిళుల పిల్ల, మంచి మనిషి. ఇంట్లో మాటలన్నీ తమిళంలోనే. మనవలకు తెలుగు అర్థమవుతుంది, నోరు మాత్రం మలాయిలోనో ఇంగ్లీషులోనో తెరుచుకుంటుంది. పొద్దస్తమానం తెలుగులో మాట్లాడటానికి ఆ ఇంట్లో మరిడమ్మకు మిగిలింది కొడుకు ఒక్కడే. అతనేమో మాటా మాటా లెక్కపెట్టి వాడే మనిషి.

అందుకని పుష్పవల్లి రావడం ఆమెకు పండగ. పుష్పవల్లి ఆ కాలనీ మలుపులో పొద్దున పూట దోసెలు పోసి అమ్మేది. పుట్టింటి వాళ్ళు తెలుగువాళ్ళు, అదే తోట వాళ్ళు. అమ్మకం అయ్యాక పెనం కడిగి బోర్లించి, మిగిలిన చట్నీ గిన్నె పట్టుకుని మరిడమ్మ గుమ్మంలో కూర్చునేది. ఎవరి కూతురు ఎవరితో వెళ్ళిపోయింది, ఏ కూరకు ఏ పోపు, ఇద్దరికీ మాటలు తరిగేవి కావు. ఆమె మొగుడు కోగిలన్ తమిళుడు, ఎయిర్‌కాన్లు, అంటే ఏసీలు, బాగు చేసే పని. ఎప్పుడూ పళ్ళు కనిపించేలా నవ్వే మనిషి. పెళ్ళాన్ని తీసుకెళ్ళడానికి మోటార్ సైకిల్ మీద వచ్చినప్పుడల్లా మరిడమ్మ దగ్గర ఒక తెలుగు మాట నేర్చుకుని పోయేవాడు. ఒకసారి "ఉక్కపోత" నేర్చుకున్నాడు. ఆ మాట అతనికి తెగ నచ్చింది. ఎవరింటికి ఎయిర్‌కాన్ బాగు చెయ్యడానికి వెళ్ళినా, చీనావాళ్ళైనా మలాయివాళ్ళైనా, "ఉక్కపోత, ఉక్కపోత" అంటూ లోపలికి వెళ్ళేవాడట. ఆ సంగతి పుష్పవల్లి చెబుతుంటే మరిడమ్మ కడుపు పట్టుకుని నవ్వేది.

వాళ్ళంతా పని చేసిన ఆ పాత తోటలో రబ్బరు చెట్లు కొట్టి కొన్నాళ్ళు ఆయిల్‌పామ్ వేశారు. ఈ మధ్య ఆయిల్‌పామ్ కూడా పీకేసి, గుట్ట వాలంతా సోలార్ పలకలు పరిచారు. ఆ పలకల పక్కన చదును చేసిన నేలలో తెల్లటి ఇనప పెట్టెలు వరసలుగా దింపారు. ఓడల మీద సరుకు వేసుకొచ్చే కంటైనర్లంత పెట్టెలు. ఒక్కో దాంట్లో నేల నుంచి కప్పుదాకా బ్యాటరీలే. దేశమంతా ఎండ నుంచి కరెంటు తియ్యాలని ప్రభుత్వం పట్టు మీద ఉంది. అయితే ఆ దేశంలో ఎండను నమ్ముకోవడం కష్టం. మధ్యాహ్నం అయ్యేసరికి కొండల మీద నుంచి మబ్బు దిగుతుంది, పలకలు ఒక్కసారిగా చచ్చుబడతాయి. ఆ గండిని ఆ క్షణంలో పూడ్చకపోతే తీగల్లో కరెంటు తూలుతుంది, ఫ్యాక్టరీల్లో యంత్రాలు ఆగిపోతాయి. పూడ్చడానికే ఈ పెట్టెలు. పొద్దుటి ఎండను దాచుకుని, మబ్బు వచ్చినప్పుడూ, సాయంత్రం అందరూ ఇళ్ళకు చేరి ఎయిర్‌కాన్లు వేసినప్పుడూ వెనక్కి ఇస్తాయి. ఊరివాళ్ళు ఆ చోటును తోట అనడం మానలేదు. "బ్యాటరీ తోట" అన్నారు.

కంపెనీ వాళ్ళు ఒకరోజు బొంబా స్టేషన్ వాళ్ళను పిలిచి తోటంతా చూపించారు. చూపించినవాడు జోనథన్ అనే భద్రతాధికారి, క్లాంగ్ నుంచి వచ్చిన కుర్రాడు. తెలుగు క్రైస్తవుల కుటుంబం. శ్రీకుమార్ చొక్కా మీద పేరు చూసి, "మీరు తెలుగా అన్నా? మా తాత కూడా తోటే. నాకు ఇంటే తెలుస్తాది, మాట్లాడ్డం రాదు లా" అన్నాడు, అక్కడివాళ్ళందరిలాగే మాట చివర "లా" తగిలిస్తూ. ఆ తర్వాత ఇంగ్లీషులోకి మారి అంతా వివరంగా చెప్పాడు. ఈ బ్యాటరీ ఒకటి చెడి వేడెక్కితే పక్కదాన్ని వేడెక్కిస్తుంది, అది దాని పక్కదాన్ని. నీళ్ళు కొడితే ఆగదు. మంట కంటే ముందు గ్యాస్ వస్తుంది. మూసిన పెట్టెలో గ్యాస్ నిండాక తలుపు తీస్తే బయటి గాలి తగిలి పేలుతుంది. కాబట్టి తలుపు తియ్యకూడదు, దూరంగా నిలబడి పక్క పెట్టెల మీద నీళ్ళు కొట్టి చల్లబరచాలి, అంటుకున్నదాన్ని కాలనివ్వాలి.

"లోపల మనిషి ఉంటేనో?" అని అడిగాడు శ్రీకుమార్.

"ఉండరన్నా. ఈ పెట్టెలు పాత రకం కాబట్టి మనిషి దూరేంత సందు ఉంది గాని, ఎవరూ వెళ్ళరు. సర్వీసుకు వెళితే ముందు ఆ పెట్టెను ఆపేస్తాం. ఆపి, చల్లారాకే తలుపు."

శ్రీకుమార్ తల ఊపాడు. పక్కనున్న హాఫిజ్, స్టేషన్‌కు కొత్తగా వచ్చిన మలాయి యువకుడు, "నిలబడి కాలనివ్వడానికి మనమెందుకు తువాన్, కుర్చీలు వేస్తే సరిపోతుంది" అని నవ్వాడు. అందరూ నవ్వారు.

తర్వాత కొన్ని నెలలకు, ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

ఆ రోజు ఎండ విపరీతంగా ఉంది. కొండల వెనక మబ్బు కమ్ముకుంటోంది. బండి తోట గేటు దగ్గరికి వచ్చేసరికి శ్రీకుమార్‌కు మంట కనిపించలేదు. చివరి వరసలో ఒక పెట్టె కింది అంచుల నుంచి తెల్లటి పొగ వస్తోంది. అది పైకి లేవడం లేదు, నేలబారున పాకుతోంది. గేటు దాకా ఒక తియ్యటి వాసన, ఆడపిల్లలు గోళ్ళకు వేసుకునే రంగు వాసనలాంటిది. జోనథన్ పరుగెత్తుకొచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"లోపల మనిషి ఉన్నాడు. ఎయిర్‌కాన్ మనిషి."

"పెట్టె ఆపలేదా?"

"ఆపొద్దన్నారు. పైనుంచి. ఇవాళ మధ్యాహ్నం మబ్బు వస్తుంది, మాటిచ్చినంత కరెంటు ఇచ్చి తీరాలి, ఒక్క పెట్టె కూడా ఆపడానికి లేదన్నారు. లోపల చల్లదనం సరిగా లేదు, నడుస్తుండగానే బాగు చెయ్యమన్నారు. ఏదో టప్‌మని పేలింది, తలుపు చట్రం వంగి బిగుసుకుపోయింది. బయట ఉన్న అతని తోటి పనివాడు లాగి చూశాడు, రాలేదు."

"పేరు?"

"కోగిలన్."

శ్రీకుమార్‌కు ఆ పేరు చెవిన పడ్డాక కొద్ది క్షణాలు ఇంకేమీ వినిపించలేదు. తర్వాత వినిపించింది మాత్రం చప్పుడు. దూరం నుంచి, ఇనుము మీద ఏదో పనిముట్టుతో కొడుతున్న చప్పుడు. గబగబా కొట్టి, ఆగి, మళ్ళీ కొడుతున్నారు.

అతను చెయ్యాల్సినవన్నీ చేశాడు. తోటలో ఉన్నవాళ్ళందరినీ గేటు బయటికి పంపాడు. పక్క పెట్టెల మీదికి రెండు గొట్టాలు పెట్టించాడు. విషవాయువుల పని తెలిసిన దళాన్ని ఈపో పట్నం నుంచి రమ్మని కబురు పెట్టాడు. వాళ్ళు రావడానికి చాలాసేపు పడుతుందని అతనికి తెలుసు. ఆ తర్వాత ఊపిరి యంత్రం తగిలించుకుని, గ్యాస్ కొలిచే పరికరం చేత పట్టుకుని తానే పెట్టె వైపు నడిచాడు. అది దళాన్ని నడిపే కమాండర్‌గా అతను చెయ్యాల్సిన పని కాదు. అయినా ఎవర్నీ పంపబుద్ధి కాలేదు.

పొగ మోకాళ్ళ దాకా వచ్చింది. పరికరం ముందు మెల్లగా, తర్వాత ఆగకుండా కూతపెట్టింది. పేలడానికి కావలసినంత గ్యాస్ ఇక్కడ, బయటే ఉంది. లోపల ఎంత ఉందో చెప్పక్కర్లేదు. తలుపు పగలగొట్టాలంటే ఇనుముతో ఇనుమును కొట్టాలి. ఒక్క రవ్వ చాలు. పెట్టె అతనికి రెండు లారీల పొడవు దూరంలో ఉంది. అక్కడి నుంచి చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఇప్పుడు గబగబా కొట్టడం లేదు. మూడు దెబ్బలు, ఆగి మళ్ళీ మూడు. మధ్యలో గొంతు కూడా వచ్చింది. మాటలు మాత్రం తెలియలేదు.

"కోగిలా! నేనే, శ్రీకుమార్! పొరు, పొరు!" అని ఆగమని తమిళంలో అరిచాడు. ముసుగులోంచి ఆ కేక ఎంత దూరం పోయిందో తెలియదు. చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది, ఇంతకు ముందు కంటే గట్టిగా.

శ్రీకుమార్ అక్కడ నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

హాఫిజ్ అప్పటికే ముసుగు బిగించుకుని, గొడ్డలి పట్టుకుని ఎదురొచ్చాడు. వెనక ఇంకో ఇద్దరు.

"నేను వెళ్తాను తువాన్. రెండు దెబ్బలు చాలు."

"వద్దు."

"లోపల మనిషి కొడుతున్నాడు!"

"వింటున్నాను. వెనక్కి నడువు."

"మీరే వెళ్ళారు కదా ఆ రోజు, బజారులో. మెట్లు కూలుతుంటే వెళ్ళారు కదా!"

"అది మంట. ఇది వేరు. వెనక్కి నడువు హాఫిజ్. ఇది ఆర్డరు."

హాఫిజ్ గొడ్డలి నేలకేసి కొట్టబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, గడ్డి మీద పెట్టాడు. ముగ్గుర్నీ బండి వెనక్కి తెచ్చి నిలబెట్టాడు శ్రీకుమార్. గొట్టం నీళ్ళు పక్క పెట్టెల మీద పడి ఆవిరవుతున్నాయి. ఆ నీళ్ళ హోరులో కూడా మూడు దెబ్బలూ వినిపిస్తూనే ఉన్నాయి. వినిపించనట్టు ఎవరూ నటించలేదు. ఒకడు కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నాడు.

అప్పుడే గేటు దగ్గర గోల లేచింది. కోగిలన్‌తో పనికి వచ్చినతను పుష్పవల్లికి ఫోను చేశాడు. ఆమె మర్నాటికి రుబ్బుతున్న దోసెల పిండి చేతులతోనే ఎవరి మోటార్ సైకిల్ వెనకో ఎక్కి వచ్చేసింది. కాపలావాణ్ణి తోసుకుని లోపలికి దూసుకొచ్చింది. శ్రీకుమార్ ఎదురెళ్ళి రెండు చేతులూ చాపి ఆపాడు.

"అన్నా, ఎక్కడున్నాడు? బయటకొచ్చినాడా?"

"లేదమ్మా."

"మరి నువ్వేటి ఇక్కడ నిలబడ్డావు? ఎల్లు! తలుపు తియ్యి!"

"గేస్ నిండిపోయినాది పుష్పా. తలుపు ముట్టుకుంటే అంతా పేలిపోద్ది. ఈపో నించి మనుషులొస్తన్నారు."

"ఎప్పుడొస్తారు? ఊపిరాడక సచ్చిపోనాకా? ఆ ముసలాయన్ని మోసుకొచ్చినావు కదన్నా నువ్వు! పేరు తెలీని మనిషికి ఎల్లినావు. నీకు మా ఆయన తెలుసు కదా. మీ ఇంట్లో కూకుని కాఫీ తాగినోడు కదా!"

ఆమె అతని చేతుల కింద నుంచి దూరబోయింది. అతను ఆమెను నడుము దగ్గర పట్టి ఎత్తి వెనక్కి తెచ్చాడు. ఆమె అతని ఛాతీ మీద గుద్దింది, మెడ మీద పాత మచ్చ చోట గోళ్ళతో రక్కింది. అతను వదల్లేదు. ఆమె కేకల్లో చప్పుడు వినడం మరిచాడు. ఆమె అలిసిపోయి ఊరుకున్నాక చెవి రిక్కించి విన్నాడు. నీళ్ళ హోరు తప్ప ఏమీ లేదు. మొదటి చినుకులు సోలార్ పలకల మీద పడుతున్నాయి. హాఫిజ్ అతని వైపే చూస్తున్నాడు. శ్రీకుమార్ చూపు తప్పించాడు.

ఈపో దళం ఇంకా దారిలో ఉండగానే పెట్టె పేలింది. వంగి బిగుసుకున్న ఆ తలుపు ఊడి, గొడ్డలి పట్టుకున్న మనిషి నిలబడాల్సిన చోటు మీదుగా ఎగిరి, సోలార్ పలకల మధ్య పడింది. తర్వాతే మంట వచ్చింది. అది మర్నాడు పొద్దెక్కేదాకా కాలుతూనే ఉంది. వానకు లొంగలేదు. పక్క పెట్టెలు మాత్రం అంటుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఊళ్ళో ఒక్క ఫ్యాను కూడా ఆగలేదు. మబ్బు కమ్మి పలకలు చచ్చుబడినప్పుడు, ఎక్కడో ఉన్న, గ్యాస్‌తో కరెంటు తీసే కేంద్రం ఆ గండిని పూడ్చింది. మరిడమ్మ ఇంట్లో టీవీలో తమిళ సీరియల్ చూస్తోంది. బొమ్మ కూడా అదరలేదు.

కోగిలన్‌ను ఇంటికి తెచ్చిన పెట్టె మూత తియ్యలేదు. పుష్పవల్లిని కూర్చోబెట్టి ఒకరి తర్వాత ఒకరు అదే మాట చెప్పారు. మొదటి టప్‌కే, ఆ మొదటి ఊపిరికే పోయాడని. నొప్పి తెలియలేదని. కంపెనీ నుంచి వచ్చినావిడ చెప్పింది, పూజారి చెప్పాడు, చుట్టాలు చెప్పారు. శ్రీకుమార్ శవయాత్రలో అందరికంటే వెనక నడిచాడు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. పక్కన నడవడానికి మాత్రం ఎవరూ రాలేదు.

విచారణ జరిగింది. తలుపు తెరిచి ఉంటే అక్కడికి వెళ్ళిన వాళ్ళందరూ పోయేవాళ్ళని, శ్రీకుమార్ ఇచ్చిన ఆర్డరు సరైనదేనని తేల్చారు. పెట్టెను ఆపకుండా మనిషిని లోపలికి పంపింది ఎవరన్నది మాత్రం తేలలేదు. కంపెనీ కాంట్రాక్టరు మీదికి తోసింది, కాంట్రాక్టరు కంపెనీ మీదికి తోశాడు. జోనథన్ విన్నదంతా విన్నట్టే చెప్పాడు. ఆ తర్వాత ఉద్యోగం మానేసి క్లాంగ్ వెళ్ళిపోయాడు. కొత్తగా చేరిన బొంబా వాళ్ళకు ఆ రోజు సంగతి పాఠంగా చెప్పడానికి శ్రీకుమార్‌ను శిక్షణ కేంద్రానికి పిలిపించారు. వెళ్ళేముందు ఒక పెద్ద అధికారి అతన్ని పక్కకు తీసుకెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, "ఆ చప్పుడు సంగతి కుర్రాళ్ళకు చెప్పనక్కర్లేదు" అన్నాడు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నాడు. శ్రీకుమార్ చెప్పలేదు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

పుష్పవల్లి మలుపులో దోసెలు పొయ్యడం మానేసింది. మరిడమ్మ గుమ్మానికీ రాలేదు. మరిడమ్మ రెండుసార్లు తానే కర్ర పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి, తలుపు తట్టి, తిరిగొచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం శ్రీకుమార్ ఇంటి ముందు కారు కడుగుతుండగా పుష్పవల్లి వచ్చింది. మనిషి సగమైపోయింది. మరిడమ్మ లోపలి నుంచి చూసి, "రా పుష్పా, రా, కూకో" అంటూ ఆదరాబాదరాగా లేచింది. పుష్పవల్లి కూర్చోలేదు.

"అన్నా, నిన్నొకటి అడగాల."

శ్రీకుమార్ నీళ్ళ గొట్టం కట్టేశాడు.

"మొదటి గేస్‌కే పోనాడని అందరూ అంతన్నారు. నాను నమ్మినాను. కానీ రాత్తిరి నిద్దర రాదు. నువ్వు అక్కడున్నావు. నువ్వు అబద్దం సెప్పవు. మీరు ఎల్లీసరికి ఆయన బతికున్నాడా?"

"ఇప్పుడెందుకే ఆ మాటలు" అని మరిడమ్మ గుమ్మంలోంచి అంది. కొడుకు వైపు కళ్ళతోనే వద్దని సైగ చేసింది.

శ్రీకుమార్‌కు ఆ సైగ కనిపించింది. లేదనడం ఎంత తేలికో, తర్వాత ఆమె ఎంత నిశ్చింతగా వెళ్ళిపోతుందో కూడా తెలిసింది. నోరు తెరిచాడు. వచ్చిన మాట వేరే.

"కొట్టినాడమ్మా."

"ఏటి?"

"తలుపు. మేం ఎల్లినాక కూడా కొట్టినాడు."

"ఎంతసేపు?"

"నువ్వొచ్చీదాకా. నువ్వొచ్చినాక కూడా కొంచెంసేపు ఉండొచ్చు. నువ్వు అరుస్తుంటే నాకు తెలీలేదు."

పుష్పవల్లి గోడ పట్టుకుంది. "నన్ను పిలిచినాడా?"

"గొంతు వచ్చినాది. మాటలు తెలీలేదు."

"నువ్వు ఎంత దూరంలో ఉన్నావు?"

శ్రీకుమార్ చుట్టూ చూశాడు. ఇంటి గుమ్మం నుంచి వీధిలోని దీపస్తంభం వైపు చెయ్యి చాపాడు. "ఇక్కడ నాను. అక్కడ ఆ పెట్టె."

పుష్పవల్లి గుమ్మం దగ్గర నుంచి బయల్దేరి, గేటు దాటి, వీధిలో దీపస్తంభం దాకా నడిచింది. నిదానంగా, ఎండలో. అక్కడ ఆగి వెనక్కి తిరిగి అతన్ని చూసింది. ఎదురింటి వాళ్ళు గుడ్డలు ఆరేస్తూ ఏమిటా అని చూశారు. ఆమె ఆ స్తంభం మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత వాళ్ళింటి వైపు వెళ్ళిపోయింది. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది శ్రీకుమార్‌కు.

మరిడమ్మ అతన్ని ఇంట్లోకి రానిచ్చి తలుపు వేసింది.

"ఒక్క అబద్దం. నోరు రాలేదురా నీకు?"

"అడిగింది కదమ్మా."

"అడిగితే? మీ అయ్య పోనప్పుడు నాను డాక్టర్ని అడిగినాను. నిద్దర్లోనే పోనాడమ్మా, ఏటీ తెలీదు అన్నాడు. పక్క మంచం మీదోడు నాతో సెప్పినాడు, తెల్లారీదాకా నన్ను పిలిచినాడని. డాక్టరు అబద్దం ఆడినాడని నాకు తెలుసు. ఆ అబద్దం పట్టుకునే ఇన్నేళ్ళు బతికినాను లా. నువ్వు పుష్పకి అది కూడా లేకుండా సేసినావు."

తండ్రి ఎలా పోయాడో శ్రీకుమార్‌కు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత చాలా రోజులు మరిడమ్మ కొడుకుతో మాట్లాడలేదు. కోడలితో తమిళంలో మాట్లాడేది. అన్నానికి పిలవాలన్నా మనవడితో కబురు చెప్పించేది. విజయరాణి ఒకసారి మొగుడి పక్కన కూర్చుని, "మీరు చేసింది తప్పు కాదు" అంది. ఏ సంగతి గురించి అంటోందో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు.

పుష్పవల్లి ఇల్లు ఖాళీ చేసి కౌలాలంపూర్ వెళ్ళిపోయింది. అక్కడి బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో ఒక హోటల్ వంటింట్లో పని దొరికిందని, అక్కడే పైన గదిలో ఉంటోందని తెలిసినవాళ్ళు చెప్పారు. బ్యాటరీ తోటలో కాలిన పెట్టెను ఎత్తుకుపోయి, నేల గీకి, కొత్త కాంక్రీటు పోశారు. పాత రకం పెట్టెలన్నీ తీసేసి మనిషి దూరడానికి వీల్లేని కొత్త రకం పెట్టారు. గుట్ట అవతల దీనికి రెండింతల తోట ఇంకొకటి లేస్తోంది. కొండల మీద నుంచి మబ్బు దిగుతూనే ఉంది, కరెంటు తూలకుండా నిలుస్తూనే ఉంది. మంచి పనే, కావలసిన పనే. శ్రీకుమార్ కూడా ఎవరైనా అడిగితే అదే చెబుతాడు.

వానలు వెనకబట్టాక హాఫిజ్‌కు కొడుకు పుట్టాడు. భార్యాభర్తలిద్దరూ పిల్లాణ్ణి తీసుకుని ఇంటికొచ్చారు. హాఫిజ్ భార్య వండి తెచ్చిన గిన్నె విజయరాణి చేతికిచ్చి, "మీ వల్లే వీడికి తండ్రి ఉన్నాడు తువాన్" అంటూ పిల్లాణ్ణి శ్రీకుమార్ ఒళ్ళో పెట్టింది. బిడ్డ వెచ్చగా, బరువే లేనట్టున్నాడు. నిద్రలో పెదవులు కదుపుతున్నాడు. ఏదైనా మంచి మాట అనాలని శ్రీకుమార్ చాలా ప్రయత్నించాడు. "పట్టుకో, పట్టుకో" అంటూ బిడ్డను హాఫిజ్ చేతుల్లో పెట్టేసి, నీళ్ళు తాగే వంకతో వంటింట్లోకి వెళ్ళాడు. వాళ్ళు వెళ్ళిపోయేదాకా బయటికి రాలేదు.

ఇప్పుడు వారానికొకసారి మరిడమ్మకు ఫోను వస్తుంది. కౌలాలంపూర్ నుంచి. మంచం మీద కాళ్ళు చాపుకుని, ఫోను రెండు చేతులా పట్టుకుని, తెలుగులో గంటల తరబడి మాట్లాడుతుంది. హోటల్లో సాంబారు ఎలా కాస్తున్నారు, చెయ్యి కాలితే ఏం రాయాలి, ఏ బస్సెక్కితే గుడికి వెళ్ళొచ్చు, ఇవే మాటలు. ఒక్కోసారి నవ్వుతుంది కూడా. డ్యూటీ దిగి వచ్చిన శ్రీకుమార్ బూట్లు విప్పుకుంటూ ఆ నవ్వు వింటాడు. అవతలి గొంతు వినిపించదు. తన సంగతి ఆ గొంతు అడుగుతోందో లేదో తెలియదు. తల్లి ఒక్కసారైనా అతని పేరెత్తగా వినలేదు.

మొన్న అతను చూసుకోకుండా ఆ గదిలోకి అడుగు పెట్టాడు. మరిడమ్మ మాట మధ్యలో ఆపేసింది. ఫోను ఛాతీకి ఆనించుకుని, కొడుకు వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అతను ఎప్పుడు వెళ్ళిపోతాడా అన్న, అలవాటైపోయిన ఎదురుచూపు మాత్రమే ఉంది. శ్రీకుమార్ తలుపు దగ్గరికి వేసి, ఇంటి ముందుకు వెళ్ళి, ఎండలో నిలబడ్డాడు.